జూకాల అంచుకు మసి పడుతుంటే ముందు ప్లైవుడ్డును చూడండి

ప్రశ్న: మాది కావలి. ఇంట్లోనే చెక్క జూకాలు, లోలాకులు, లాకెట్లు చేసి అమ్ముదామని నాలుగు నెలల కిందట 10 వాట్ల డయోడ్ లేజర్ మిషను కొన్నాను. మొదటి నెల బాగానే కోసింది. ఇప్పుడు 3 మి.మీ. ప్లైవుడ్డు మీద మూడు నాలుగుసార్లు తిప్పినా అక్కడక్కడా తెగడం లేదు. తెగినచోట అంచు బొగ్గులా నల్లబడి మెడకూ జాకెట్టుకూ అంటుతోంది. హుక్కు తగిలించే రంధ్రం దగ్గర విరిగిపోతున్నాయి. "నీళ్ళలో నానినా ఏమీ కాదు, అన్నిటికంటే మంచి రకం" అని షాపులో ఇచ్చిన షీటే వాడుతున్నాను. ఇంట్లో ఆరేళ్ళ పాప ఉంది, పొగ సంగతి తలుచుకుంటే భయంగా ఉంది. 40 వాట్ల సీఓటూ (కార్బన్ డయాక్సైడ్) లేజర్ మిషను కొంటే ఇవన్నీ తీరతాయా?
— ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, కొత్త మిషను కొనకండి. చెవికి పెట్టుకునే వస్తువులకు మీ దగ్గరున్న 10 వాట్లు చాలు. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే లోపం షీటులో ఉంది, మిషను అద్దంలో ఉంది, గాలిలో ఉంది. మూడింటిలోకీ షీటుదే పెద్ద పాలు. ఇవి సరిచేయకుండా 40 వాట్ల మిషను తెచ్చుకుంటే ఇదే మసి ఇంకా తొందరగా వస్తుంది, అంతే.

షాపతను మోసం చేయలేదు. వంటింటి అలమరకైతే అతనిచ్చిందే మంచి రకం. నీళ్ళకు తట్టుకునే మెరైన్ ప్లైవుడ్డు, అంటే ఐఎస్ 710 అనే భారత ప్రమాణం ముద్ర ఉండేది, పొరలను ఫినాల్ ఫార్మాల్డిహైడ్ బంకతో అతికిస్తారు. ఒకసారి గట్టిపడ్డాక ఆ బంక వేడికి కరగదు. లేజర్ తగలగానే ఉన్నచోటే బొగ్గయి గాడిలో అడ్డంగా నిలుస్తుంది. కిరణం కింది పొర దాకా దిగదు. మీరు రెండోసారి, మూడోసారి తిప్పుతున్నదంతా ఆ బొగ్గును కాల్చడానికే పోతోంది. ఈలోగా పక్కనున్న చెక్క మాడిపోతోంది.

దీన్ని మీరే చూడవచ్చు. హ్యాక్‌సా బ్లేడుతో షీటు మూల ఒక అంగుళం కోయండి. లేజర్‌తో వద్దు, మసి పడితే ఏమీ కనిపించదు. ఆ అంచును 400 నంబరు ఎమరీ పేపరు మీద నాలుగుసార్లు రుద్ది కిటికీ వెలుతురులో పట్టుకోండి. మూడు పొరల మధ్య రెండు సన్నని గీతలు ఉంటాయి. అవి కాఫీ డికాషన్ రంగులో ముదురుగా ఉంటే ఫినాల్ బంక, దాన్ని లేజర్ కిందికి తేకండి. గీతలు చెక్క రంగులోనే కలిసిపోయి వెతికితేగానీ కనపడకపోతే యూరియా ఫార్మాల్డిహైడ్ బంక, అది కోతకు లొంగుతుంది. మధ్య పొరలో సందులుగానీ, లప్పం నింపిన మచ్చలుగానీ, ముడులుగానీ కనిపించినా ఆ షీటు వద్దు. "అక్కడక్కడా తెగడం లేదు" అన్నారే, ఆ అక్కడక్కడ చాలామటుకు ఇవే.

నగలకు అనువైనది బాస్‌వుడ్ ప్లైవుడ్డు, ఆ తర్వాత బర్చ్. లేజర్ పనికని 300 × 300 మి.మీ. ముక్కలుగా ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. లోలాకులకు 3 మి.మీ. అక్కర్లేదు, 2 మి.మీ. తీసుకోండి. సగం మసి అక్కడే తగ్గుతుంది, బరువూ తగ్గుతుంది. 40 మి.మీ. గుండ్రటి బిళ్ళ 3 మి.మీ. బర్చ్‌లో రెండున్నర గ్రాములు దాటుతుంది, 2 మి.మీ.లో గ్రాముమ్ముప్పావు. 5 మి.మీ. ఎడం వదిలినా ఆ షీటులో అలాంటివి 36 పడతాయి, అంటే 18 జతలు. పది షీట్లు ఒకేసారి తెప్పించకుండా ఒకటి తెచ్చి కోసి చూసుకోండి, ఒకే పేరుతో అమ్మినా సరుకు మారుతుంటుంది. ఎండీఎఫ్ (చెక్క నారను బంకతో అదిమి చేసే బోర్డు) నున్నగా తెగుతుంది గానీ చెమటకు ఉబ్బుతుంది, పొగలో ఫార్మాల్డిహైడ్ ఎక్కువ. కొత్త డిజైను సరిపోయిందో లేదో చూసుకోవడానికి వాడండి, ఒంటి మీది నగకు వద్దు.

రెక్సిన్, పీవీసీ ఫోమ్ షీటు, పీవీసీ అతికించిన బోర్డు ఎప్పుడూ లేజర్ కింద పెట్టకండి. పీవీసీ కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది. అది ఊపిరితిత్తులకూ చేటే, మిషను ఇనుప భాగాలనూ తుప్పు పట్టిస్తుంది. మన వెలిగొండల వైపు నుంచి ఎర్రచందనం ముక్కలు చవగ్గా తెచ్చిస్తామని ఎవరన్నా చెప్పినా అనుమతి కాగితాలు లేకుండా ముట్టుకోకండి. అది కేసుల దాకా పోయే వ్యవహారం.

ఇక అద్దం. మొదటి నెల కోసి తర్వాత కోయకపోవడానికి ఎక్కువగా ఇదే కారణం. లేజర్ తల అడుగున కిరణం బయటికొచ్చే చోట చిన్న రక్షణ అద్దం ఉంటుంది. పొగలోని జిగురు దానికి పొరలా పట్టుకుంటుంది. మిషను ప్లగ్ తీసేసి, తల విప్పి, అద్దాన్ని టార్చి వెలుగులో వాలుగా చూడండి. గోధుమ రంగు మరక కనిపిస్తే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదిపుల్లతో మధ్య నుంచి బయటికి నెమ్మదిగా తుడవండి. ఒక్కో పుల్ల ఒక్కసారే. పమిట చెంగుతో తుడిస్తే గీతలు పడతాయి. అలాగే వదిలేస్తే ఆ మరకే వేడెక్కి అద్దం పగులుతుంది. రోజూ కోసేవాళ్ళు ప్రతి ఐదారు గంటల పనికి ఒకసారి చూసుకోవాలి. తుడిచినా పోకపోతే అద్దం మార్చడమే, విడిగా దొరుకుతుంది.

మూడోది గాలి. కోసేచోట సన్నని గొట్టంతో గట్టిగా గాలి కొడుతుంటే పొగ గాడిలో నిలవదు, మంట లేవదు, అంచు లేత గోధుమ రంగులో ఆగిపోతుంది. ఇంట్లో చేపల తొట్టికి పెట్టే చిన్న పంపు దీనికి చాలదు. మీరుండేది రొయ్యల సీమ కాబట్టి ఒక మేలుంది. హేచరీ ట్యాంకులకు గాలి పంపులు అమ్మే దుకాణంలో నిమిషానికి 30 నుంచి 60 లీటర్ల గాలి ఇచ్చే చిన్న పంపు అడగండి. దానికి 6 మి.మీ. సిలికాన్ ట్యూబు తొడిగి, కొసన 2 మి.మీ. రంధ్రమున్న నాజిల్ పెట్టి, కిరణం పడే చోటికే తగిలేలా బిగించండి. కోతకు గాలి పూర్తిగా వదలండి. పైన ముగ్గు గీతలాంటి నగిషీ చెక్కేటప్పుడు మాత్రం బాగా తగ్గించండి, లేకపోతే గీత రంగు తేలిపోతుంది.

పాప సంగతి. మీ భయం సరైనదే, దాన్ని పోగొట్టుకోకండి. చెక్క, బంక కాలిన పొగలో సన్నని మసి రేణువులు, కార్బన్ మోనాక్సైడ్, ఫార్మాల్డిహైడ్ ఉంటాయి. ఎన్95 మాస్కు రేణువులనే ఆపుతుంది, వాయువులను ఆపదు. అందుకని పొగ గదిలోకి రాకుండానే బయటికి పోవాలి. మిషనుకు మూత ఉన్న పెట్టె చేయించి, దాని వెనక 4 అంగుళాల గొట్టం, గొట్టం మధ్యలో ఫ్యాను పెట్టి, కొస కిటికీ బయటికి వదలండి. కిటికీ మిగతా సందు అట్టతో మూసేయండి, లేకుంటే పోయిన పొగ పోయినట్టే తిరిగొస్తుంది. పెట్టెకు ఎదురువైపు అడుగున చేయి పట్టేంత సందు ఉంటేనే కొత్త గాలి లోపలికి వచ్చి పొగను తోస్తుంది. పని అయ్యాక పది నిమిషాలు ఫ్యాను తిరగనివ్వండి. పక్కింటివాళ్ళ కిటికీ వైపు మాత్రం గొట్టం తిప్పకండి.

పొగ కంటే కళ్ళకు ఎక్కువ ముప్పు. డయోడ్ లేజర్ నీలి కాంతి, 450 నానోమీటర్ల దగ్గర ఉంటుంది. హుక్కు మీదో, షీటు కింద పెట్టే జల్లెడ పళ్ళెం మీదో పడి తిరిగొచ్చిన మెరుపు కూడా రెటీనాను కాల్చగలదు. మామూలు అద్దం, పారదర్శకమైన ప్లాస్టిక్ దీన్ని ఆపవు, ఇట్టే దాటిపోతుంది. పెట్టె కిటికీకి 450 నానోమీటర్లను ఆపేదని రాసిచ్చే నారింజ రంగు అక్రిలిక్కే వేయాలి. కళ్ళద్దాల మీద 450 ఇమిడేలా 445–455 లాంటి అంకెలూ, పక్కన ఓడీ (కాంతిని ఎంత ఆపుతుందో చెప్పే కొలత) 5 లేదా అంతకంటే ఎక్కువనీ ఉండాలి. ఆ ముద్ర లేనివి రంగు కళ్ళద్దాలతో సమానం. ఉన్నా సరే, మిషను నడుస్తున్నప్పుడు పాప ఆ గదిలో ఉండకూడదు. వరండాలో పెట్టకండి, మిద్దె మీద గది ఉంటే అక్కడ పెట్టి తలుపు గడియ వేసుకోండి.

మంట గురించి కూడా ఇక్కడే చెప్పాలి. మిషను అడుగున చెక్క బల్ల కాకుండా కడప బండ వేయండి, దాని మీద జల్లెడ పళ్ళెం. కింద రాలిన చిన్న ముక్కలను ప్రతి షీటుకూ ఊడ్చేయండి, అంటుకునేవి అవే. నీళ్ళు కొట్టే స్ప్రే సీసా, తడి గోనెపట్టా చేతికందే దూరంలో ఉండాలి. మంట లేస్తే ముందు ప్లగ్ తీసి, గాలి పంపు ఆపి, తర్వాతే నీళ్ళు. పొయ్యి మీద పాలు చూసి వద్దామని కూడా మిషనును ఒంటరిగా వదలకండి.

సీఓటూ మిషను గురించి అడిగారు. దాని గాజు గొట్టానికి ఎప్పుడూ చల్లని నీళ్ళు తిరుగుతుండాలి, 25 డిగ్రీలు దాటితే గొట్టం బలం తగ్గుతుంది, ఆయుష్షూ తగ్గుతుంది. మే నెలలో మీ ఊళ్ళో ట్యాంకు నీళ్ళే అంతకంటే వేడిగా వస్తాయి. చిల్లర్ కొనక తప్పదు. లోపల వేల వోల్టుల కరెంటు ఉంటుంది కాబట్టి ఇంట్లో ఎర్తింగ్ సరిగ్గా ఉండి తీరాలి. పారదర్శకమైన అక్రిలిక్ కోయాలన్నా, రోజుకు వందల ముక్కల ఆర్డర్లు వచ్చినా అప్పుడు ఆలోచించండి. నీలి కాంతి పారదర్శకమైన అక్రిలిక్ గుండా దూరిపోతుంది కనక డయోడ్ దాన్ని కోయలేదు. చెక్కకు ఆ ఇబ్బంది లేదు.

ఇప్పుడు కొత్త షీటు వచ్చిందనుకుందాం. నేరుగా జూకా కోయకండి. షీటుకు రెండు వైపులా కాగితపు మాస్కింగ్ టేపు బుడగ లేకుండా అతికించండి, పొగ మరక టేపు మీద పడి దానితోనే ఊడిపోతుంది. ఫోకస్ కొలబద్దతో తల ఎత్తు సరిచేసి, కోతకు మాత్రం అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు దించండి, కిరణం చెక్క మధ్యలో సన్నబడాలి. ఒక మూల 15 మి.మీ. గళ్ళు వరసకు ఏడు చొప్పున రెండు వరసలు గీసి, పవర్ 90 శాతం ఉంచి, వేగం నిమిషానికి 600, 500, 400, 350, 300, 250, 200 మి.మీ.గా పెట్టండి. ఒక వరస ఒక్కసారి తిప్పేలా, ఇంకో వరస రెండుసార్లు తిప్పేలా. పక్కనే వేగం అంకె చెక్కించండి, రేపటికి మనకు గుర్తుండదు. అయ్యాక షీటును తట్టకుండా పైకెత్తండి. వాటంతటవే రాలిన గళ్ళలో అన్నిటికంటే వేగమైనదాన్ని తీసుకుని, పదో వంతు వేగం తగ్గించి వాడండి. గాలి బాగుంటే 3 మి.మీ. బాస్‌వుడ్ 300 దగ్గర ఒక్కసారికే తెగాలి. ఒక్కసారి మరీ నెమ్మదిగా కోసేకంటే రెండుసార్లు వేగంగా కోస్తేనే అంచు తేటగా వస్తుంది, మధ్యలో చెక్కకు చల్లారే వ్యవధి దొరుకుతుంది. సాఫ్ట్‌వేర్‌లో లోపలి రంధ్రాలు, జాలీ ముందు, బయటి గీత చివర కోసేలా వరస పెట్టండి. బయటిది ముందు తెగితే ముక్క జారి ఆ తర్వాతి రంధ్రాలన్నీ పక్కకు పడతాయి.

హుక్కు దగ్గర విరగడం డిజైను లోపం. బొమ్మ అంచులోనే రంధ్రం పెడుతున్నట్టున్నారు. రంధ్రం 1.5 మి.మీ. చాలు, కానీ చుట్టూ కనీసం 2 మి.మీ., పైవైపు 2.5 మి.మీ. చెక్క మిగలాలి. జాగా లేకపోతే బొమ్మ పైన గుండ్రటి చెవి ఒకటి కలపండి. సన్నని కాడలు, ఆకుల తొడిమలు ఉంటే పై పొర నార వాటి పొడవునా వచ్చేలా బొమ్మను షీటు మీద తిప్పుకోండి, అడ్డంగా వస్తే చేత్తో పట్టుకుంటేనే పుటుక్కుమంటాయి. జాలీలో ఏ గీతా 1.5 మి.మీ. కంటే సన్నగా ఉండకూడదు. మూలలు కోసుగా కాకుండా అర మిల్లీమీటరు గుండ్రం చేయండి, పగులు మొదలయ్యేది ఆ మూలల్లోనే.

చదును బిళ్ళలే కాకుండా బుట్ట జూకా కావాలంటే 2 మి.మీ. షీటులో 12 మి.మీ. బిళ్ళ ఒకటి, 18, 22, 25 మి.మీ. రింగులు 4 మి.మీ. వెడల్పుతో, అడుగుకు 32 మి.మీ. రింగు 6 మి.మీ. వెడల్పుతో కోయండి. ఒకదాని మీద ఒకటి అతికిస్తే 10 మి.మీ. ఎత్తు బుట్ట వస్తుంది, రెండు గ్రాములు దాటదు. 12 బిళ్ళను 32 రింగు మధ్య ఖాళీలోనే గీస్తే చెక్క కలిసొస్తుంది. బిళ్ళ నడుమ 1.5 మి.మీ. రంధ్రం, అడుగు రింగు అంచున ముత్యాలకు 1 మి.మీ. రంధ్రాలు. అతికించేటప్పుడు రింగులు పక్కకు జరిగితే బుట్ట వంకరగా కనిపిస్తుంది. దీనికి కోతకు ముందే ప్రతి రింగు మీదా, పైది కూర్చునే గీత కంటే అర మిల్లీమీటరు లోపలికి, తక్కువ పవర్‌తో సన్నని వలయం గీయించండి, పైది దాన్ని కప్పితే సరిగ్గా కూర్చున్నట్టు. నీళ్ళకు ఆగే రకం ఫెవికాల్ పుల్లతో పలచగా రాసి అరగంట బరువు కింద పెట్టండి. ఫెవిక్విక్ లాంటివి వాడితే చుట్టూ తెల్లటి పొడి మచ్చ మిగులుతుంది.

గాడి పెట్టి ఒక ముక్కను ఇంకొకదానిలో దూర్చే డిజైన్లకు ఒక లెక్క ఉంది. కిరణం తన దారిలో 0.1 నుంచి 0.2 మి.మీ. చెక్కను తినేస్తుంది. షీటు మందాన్ని వెర్నియర్ కాలిపర్‌తో కొలవండి, 3 అని అమ్మింది 2.8 ఉండొచ్చు. కొలిచిన మందంలోంచి ఆ తినేసినంత తీసేసి గాడి గీయండి. మందం 3, కోత 0.15 అయితే గాడి 2.85.

ఇన్ని చేసినా అంచుకు కాస్త గోధుమ రంగు ఉంటుంది, ఉండనివ్వండి, అది అందమే. చేతికి అంటేది మాత్రం పోవాలి. టేపు ఊడదీసి, మెత్తని టూత్‌బ్రష్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి అంచంతా తోమండి, జాలీ లోపల ఎమరీ దూరదు కాబట్టి అక్కడ బ్రష్షే దిక్కు. బాగా ఆరాక బయటి అంచును 320తో, తర్వాత 400తో రుద్ది పొడిబట్టతో తుడవండి. ఆ తర్వాత నీటి ఆధారిత పీయూ (పాలీయురిథేన్) వార్నీషు పలచని పూతలు రెండు, మధ్యలో 400తో ఒక చెయ్యి వేయండి. రంగు వేసేదుంటే అక్రిలిక్ రంగు ముందు, వార్నీషు ఆ పైన. ముందూ వెనకా అంచూ అన్నిటికీ సమానంగా పూయాలి. ముందువైపే పూస్తే వెనకవైపు తేమ పీల్చి బిళ్ళ అప్పడంలా వంగుతుంది. కొందరు అవిసె నూనె రుద్దుతారు, బాగుంటుంది గానీ ఆ నూనె గుడ్డలను ఉండచుట్టి మూల పడేస్తే వాటంతటవే అంటుకుంటాయి. పరిచి బయట ఆరేయాలి.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మీ వైపు ముసురు పడితే షీట్లు తేమ పీల్చి పడవలా వంగుతాయి. వంగిన షీటు మధ్యలో తెగి చివర్లలో తెగదు, ఫోకస్ మారిపోతుంది కాబట్టి. గోడకు ఆనించకుండా, ప్లాస్టిక్ కవరులో చుట్టి, బల్ల మీద పడుకోబెట్టి బరువు పెట్టండి. కోసేటప్పుడు నాలుగు మూలలా అయస్కాంతాలతో అదిమి ఉంచండి.

ప్లైవుడ్డు కాకుండా అచ్చమైన చెక్క వాడాలనిపిస్తే ఉదయగిరిలో గరిటెలు చెక్కేవాళ్ళను కలవండి, చెక్క స్వభావం చేత్తో తెలిసినవాళ్ళు వాళ్ళు. 2 మి.మీ. పలుచగా దూగడ పట్టిన ముక్క దొరికితే బంక లేదు కనక అంచు చాలా శుభ్రంగా తెగుతుంది. అయితే నార వెంట చీలుతుంది, జాలీ పనికి రాదు, నిండు ఆకారాలకే. అక్కడి చెక్క గరిటెలకు భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) ఉంది కాబట్టి మీ నగలకు ఉదయగిరి పేరు పెట్టి అమ్మకండి.

హుక్కులు, రింగులు 316 స్టెయిన్‌లెస్ స్టీలువో వెండివో వాడండి. చవకరకం పూత హుక్కుల్లో నికెల్ ఉంటుంది, చెమటకు పూత పోయి చెవి దురదపెట్టి పుండవుతుంది, కొన్నవాళ్ళు చెక్కనే తప్పుపడతారు. రింగు తెరిచేటప్పుడు రెండు ప్లయర్లతో ఒకవైపు ముందుకు, ఇంకోవైపు వెనక్కు తిప్పాలి, పక్కలకు లాగితే మళ్ళీ గుండ్రంగా మూసుకోదు.

అమ్మే ముందు ప్రతి కొత్త రకంలో ఒక జతను తెల్ల చేతిరుమాలు తడిపి పిండి, అంచంతా గట్టిగా రుద్ది చూడండి. మరక పడితే ఇంకో పూత వేసి ఒక రోజు నీడలో ఆరబెట్టి మళ్ళీ రుద్దండి. రుమాలు తెల్లగా ఉన్నప్పుడే పెట్టెలో పెట్టండి.